నూకరాజుకి పోస్టొచ్చింది

మా గుండ్లపర్రు పురపాలక సంఘంలో ఇంగ్లీషు మాటలకు అర్థాలు మితిమీరిపోయాయని మొదట కనిపెట్టినవారు కమిషనర్ ముదిగొండ శశిభూషణరావు గారు. ఇరవై రెండేళ్లుగా అక్కడే గుమాస్తాగా ఉన్న నేను గానీ, నాకంటే సీనియర్లు గానీ ఈ ప్రమాదాన్ని గమనించలేదు. మాట వినగానే అర్థమైపోతూ ఉండటం వల్ల మాకు ఆ అవకాశం రాలేదు.

ఒక సోమవారం ఉదయం ఆయన గదిలోంచి "నా పోస్టు సంగతేమైంది?" అని కేకేశారు. ముగ్గురం పరిగెత్తాం. తపాలా చూసే అమ్మాయి ఆ పొద్దున వచ్చిన కవర్ల కట్ట తెచ్చింది. ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు, కమిషనర్ గారికి బదిలీ ఖాయమైందనుకుని, వీలైనంత దిగులుగా మొహం పెట్టుకుని వచ్చాడు. నేను ఆయన బంగళా ముందు ఒరిగిన లాంప్ పోస్టు మరమ్మతు ఫైలు పట్టుకెళ్లాను. ఆయన అడిగింది ఇవేమీ కాదు. చీపురు పట్టుకుని రోడ్డు ఊడుస్తున్న తన ఫోటో ఒకటి ముందురోజు ఫేస్‌బుక్‌లో పెట్టించారు. దాన్ని ఎంతమంది మెచ్చుకున్నారన్నది ప్రశ్న.

ఆయన మా ముగ్గుర్నీ చాలాసేపు చూశారు.

"ఒక కార్యాలయం. ఒక పదం. నాలుగు అర్థాలు. దీన్ని పరిపాలన అంటారా, సంత అంటారా?"

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. టైపు చేసింది నేనే. 'పాలనా వ్యవహారాల్లో సందిగ్ధతను సమూలంగా నిర్మూలించు ఆశయంతో, ఇకమీదట ప్రతి ఆంగ్ల పదమునకు ఒకే ఒక్క అర్థము ఉండవలెను. తక్కిన అర్థములు తక్షణమే రద్దు చేయడమైనది.' ఏ అర్థం ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చడానికి ఏడుగురితో 'పదార్థ ఏకీకరణ కమిటీ' వేశారు. పదమూ అర్థమూ కలిపి పదార్థమన్నమాట. పేరు చూసి ఊళ్లో ఇద్దరు హోటలు యజమానులు కల్తీ తనిఖీ అనుకుని వంటగదులు కడిగించుకున్నారు. ఆ కమిటీ వల్ల ఊరికి జరిగిన మేలు ఇదొక్కటే.

కమిటీకి అధ్యక్షులు అవధానుల పురుషోత్తమశాస్త్రి గారు. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మొదటి సమావేశంలో మొదటి పదం 'పోస్టు'. మినిట్సు రాయడానికి నన్ను కూర్చోబెట్టారు.

"తపాలా అన్నదే ప్రాచీనార్థం. దాన్ని ఉంచుదాం" అన్నారు శాస్త్రి గారు.

"తపాలా మన శాఖ కాదండి. కేంద్ర ప్రభుత్వం వారిది. వారి అర్థాన్ని మనం వాడితే అధికార పరిధి సమస్య వస్తుంది" అన్నాడు ఇంజనీరు.

"అయితే ఉద్యోగం. ఎవర్నడిగినా పోస్టంటే ఉద్యోగమనే చెబుతారు" అంది హెల్త్ ఆఫీసరు. ఆవిడ కొత్తగా వచ్చింది.

అకౌంట్స్ ఆఫీసరు కుర్చీలోంచి సగం లేచాడు. "మేడమ్, ఆ అర్థం చాలా ప్రమాదకరమైంది. మనకు ముప్ఫై ఎనిమిది పోస్టులు ఖాళీగా ఉన్నాయి. పోస్టంటే ఉద్యోగమని మనమే రాసిస్తే ముప్ఫై ఎనిమిది ఉద్యోగాలు ఖాళీగా ఉన్నట్టు అధికారికంగా ఒప్పుకున్నట్టవుతుంది. నియామకాల మీద నిషేధం అమల్లో ఉండగా అలాంటి అర్థం ఉండటం క్రమశిక్షణా రాహిత్యం."

అప్పుడు కమిషనర్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఆవరణలో ఒక లాంప్ పోస్టు ఎండలో నిలబడి ఉంది.

"అదిగో. కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. సెలవు పెట్టదు, ప్రమోషన్ అడగదు. పోస్టు అంటే స్తంభం."

ఏకగ్రీవంగా ఆమోదించి, సర్క్యులర్ నంబరు ఇరవై ఒకటిగా జారీ చేశారు.

మర్నాటి నుంచి ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో పోస్టు అని కొడితే స్తంభం అని పడేలా ఏర్పాటు చేశారు. పోస్ట్‌పోన్ అయిన కౌన్సిల్ సమావేశాన్ని 'స్తంభించినది' అని రాశాం. అదొక్కటీ నిజానికి దగ్గరగానే ఉండటంతో ఎవరూ అభ్యంతరపెట్టలేదు. హెల్త్ ఆఫీసరు గది బయట 'పోస్ట్ గ్రాడ్యుయేట్' అన్న బోర్డు తీసేసి 'స్తంభ పట్టభద్రురాలు' అని పెట్టారు. ఆవిడ వారం రోజులు వెనక తలుపులోంచి వచ్చింది. ఆస్తిపన్ను నోటీసులు 'పోస్టు ద్వారా' పంపాలని రూలు ఉంది కనుక, తపాలా చూసే అమ్మాయి వాటిని వార్డులవారీగా స్తంభాలకు పురికొసతో కట్టించి వచ్చింది. మేకలకు అందిన మేరకు అవి తినేశాయి. మిగిలినవి చదివినవాళ్లు తమవి కాని నోటీసులు చదివి సంతోషించారు.

ఇంతలో జిల్లా అధికారుల సమీక్ష వచ్చింది. వీడియోలో పెద్దాయన ఒకరు అడిగారు. "గుండ్లపర్రు, మీ ఖాళీ పోస్టులు ఎప్పుడు భర్తీ చేస్తారు?"

"నెలాఖరుకల్లా నూటికి నూరు శాతం సార్" అన్నారు శశిభూషణరావు గారు.

అన్న మాట నిలబెట్టుకున్నారు. ముప్ఫై ఎనిమిది సిమెంటు స్తంభాలు తెప్పించారు. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో వరసగా పాతించి, ఒక్కోదానికి ఒక్కో రేకు తగిలించారు. జూనియర్ అసిస్టెంట్, బిల్ కలెక్టర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్. జనం అలవాటుపడటానికి ఎన్నాళ్లో పట్టలేదు. తొమ్మిదో వార్డు నుంచి ఒకావిడ వచ్చి శానిటరీ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి తన వీధి కాలువ గురించి అరగంట చెప్పుకుంది. వెళ్తూ నాతో, "పాతాయనకంటే నయమేనండి. మధ్యలో లేచెళ్లిపోలేదు" అంది.

అలా ముప్ఫై ఏడు పాతారు. ముప్ఫై ఎనిమిదోది ఎలక్ట్రీషియన్ పోస్టు. దానికి మాత్రం ఒక మనిషి ఉన్నాడు.

కొప్పుల నూకరాజు పదిహేడేళ్లుగా మా దగ్గర వీధిదీపాలు చూస్తున్నాడు. ఔట్‌సోర్సింగు. అంటే పని మాది, మనిషి మావాడు కాదు. గోదావరి గట్టు దాకా ఉన్న పద్దెనిమిది వందల దీపాల్లో ఏది ఎప్పుడు మినుకుమంటుందో అతనికి నోటికొచ్చు. ఏటా ఉగాది వెళ్లాక తనను పర్మినెంటు చెయ్యమని ఒక దరఖాస్తు పెట్టేవాడు. ఏటా నేను దాన్ని 'పరిశీలనలో ఉన్నది' అన్న కట్టలో పెట్టేవాణ్ణి. ఈసారి దరఖాస్తు ఇస్తూ చాలాసేపు కదల్లేదు.

"గవర్రాజు గారూ, శ్రావణం వెళ్తే నాకు నలభై అయిదు నిండిపోతాయండి. వయసు దాటిపోయిందంటే ఇంకెప్పుడూ ఇవ్వరంట కదండి. ఆఖరుసారి. కాస్త పైన పెట్టండి."

పైన పెట్టాను. భర్తీ అయిన పోస్టుతో పాటు ఒక లబ్ధిదారుడి ఫోటో కూడా పంపమని జిల్లా నుంచి కబురు రావడంతో కమిషనర్ గారు అదే రోజు ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. మంజూరు ఉత్తర్వుకు కంప్యూటరు పనికిరాదు. బీరువాలో ఎప్పుడో అచ్చువేసిన ఫారాలున్నాయి. ఖాళీల్లో పేరు, తేదీ రాస్తే చాలు. నేనే రాశాను. 'శ్రీ కొప్పుల నూకరాజు గారికి ఎలక్ట్రీషియన్, రెండవ శ్రేణి, శాశ్వత పోస్టు మంజూరు చేయడమైనది.' ఏం మంజూరవుతోందో నాకు తెలుసు. అయినా రాశాను. చేతిరాత బాగుందని కమిషనర్ గారు మెచ్చుకున్నారు కూడా.

కాగితం చూసి నూకరాజు కళ్లకద్దుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. అతనిది కాయలు కాసిన చెయ్యి. "ఆయ్, మీ రుణం ఉంచుకోనండి" అన్నాడు. నేను ఫైలు వెతుకుతున్నట్టు వంగాను.

గురువారం సభ. నూకరాజు కొత్త తెల్లచొక్కా వేసుకొచ్చాడు, మడతలు ఇంకా విప్పుకోలేదు. భార్య రామతులసి పట్టుచీర కట్టుకుంది. వీధివీధంతా వచ్చింది. స్టీలు డబ్బా నిండా పూతరేకులు తెచ్చారు. కమిషనర్ గారు మైకు ముందుకొచ్చి, "అర్థ సందిగ్ధతలు లేని పారదర్శక పాలనలో ఇదొక మైలురాయి" అన్నారు. శాస్త్రి గారు శాలువా కప్పారు. ఫోటో తీశారు. అప్పుడు టార్పాలిన్ కప్పిన ట్రాక్టరొకటి వెనక్కి వెనక్కి నడుస్తూ వేదిక దగ్గరికొచ్చి ఆగింది. టార్పాలిన్ లాగారు. ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభం, పసుపూ కుంకుమా పెట్టి ఉంది.

నూకరాజు దాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ దాన్ని చూశాడు.

"ఇది ఎక్కడ పాతాలండి?" అని అడిగాడు. పని చెబుతున్నారనుకున్నాడు పాపం.

"నీ ఇష్టమయ్యా. నీదే కదా" అన్నారు కమిషనర్ గారు.

"నాదేంటండి?"

"నీ పోస్టు."

జనంలో ఎవరో నవ్వి ఆపేశారు. నూకరాజు శాలువా సర్దుకున్నాడు. "అది కాదండి. నా ఉద్యోగం..."

"ఉద్యోగమని ఎవరు చెప్పారు? సర్క్యులర్ నంబరు ఇరవై ఒకటి చదువుకో. పోస్టంటే స్తంభం. నువ్వు పోస్టడిగావు. ప్రభుత్వం ఇచ్చింది. సంతకం పెట్టు."

అతను పెట్టేవాడేమో. పెద్దవాళ్లు సంతకం పెట్టమంటే పెట్టడమే అతనికి అలవాటు. రామతులసి వచ్చి పెన్ను చేతిలోంచి తీసుకుని బల్లమీద పెట్టింది. పూతరేకుల డబ్బా మూత బిగించుకుని అతన్ని నడిపించుకుపోయింది. ట్రాక్టరు వాళ్ల వెనకాలే వెళ్లి, స్తంభాన్ని వాళ్ల ఇంటి ముందు సందులో అడ్డంగా దింపేసి వచ్చింది.

మర్నాడు ఔట్‌సోర్సింగు ఏజెన్సీ నుంచి కాగితం వచ్చింది. శాశ్వత పోస్టు ఉన్న వ్యక్తి ఔట్‌సోర్సింగులో కొనసాగరాదు కనుక అతని సేవలు ముగించారట. ఆ వారమే మా టౌన్ ప్లానింగ్ వాళ్లు, సందుకు అడ్డంగా స్తంభం ఉంచినందుకు ఏడు రోజుల్లో తొలగించాలని నోటీసిచ్చారు. తొలగించాలంటే క్రేను కావాలి. క్రేను మా ఆఫీసులోనే ఉంది, దానికి డ్రైవరు పోస్టు ఖాళీ. వెళ్లి చూస్తే డ్రైవరు కూడా వెనక స్థలంలో పాతేసి ఉన్నాడు.

పదిహేడేళ్లలో మొదటిసారి నూకరాజు పొద్దున్నే ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది. ఆ స్తంభం మీద కూర్చునేవాడట. వీధివాళ్లు పలకరించడానికి మొహమాటపడి వేరే సందులోంచి తిరిగి వెళ్లేవారు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని, "నేనేం తప్పడిగానే?" అని రెండుసార్లు అన్నాడని రామతులసే నాకు చెప్పింది. చెప్పడానికి కాదు వచ్చింది. ఆ ఉత్తర్వు తెచ్చి నా బల్లమీద పరిచింది. ఆవిడ ఇంటర్ దాకా చదివింది. జాకెట్లు కుడుతుంది. కొలతల్లో ఎవరి మాటా నమ్మదు.

"గవర్రాజు గారూ, ఈ రాత మీదేనా?"

"నాదేనమ్మా."

"ఇందులో స్తంభమని ఎక్కడుందో చూపించండి."

చూశాను. ఎక్కడా లేదు. అచ్చు ఫారం కదా.

"పోస్టనే ఉంది. శాశ్వత అని ఉంది. రెండో శ్రేణి అని ఉంది. స్తంభాలకి శ్రేణులుంటాయాండి? కమిషనర్ గారి సంతకం ఉంది, సీలుంది. దీని నకలు మీద 'నిజమైన ప్రతి' అని ముద్దరేసి ఇవ్వండి."

"ఎందుకమ్మా?"

"కోర్టుకెళ్తన్నామండి."

ముద్ర వెయ్యకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. వెయ్యమనీ చెప్పలేదు. కమిషనర్ గారి గది తలుపు వేసే ఉంది. వేశాను. ఉద్యోగంలో చేరిన తర్వాత ఎవర్నీ అడక్కుండా నేను చేసిన పని అదొక్కటే.

కోర్టులో జడ్జి గారు కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ, గొంతు పెంచని మనిషి. మా తరఫు లాయరు సర్క్యులర్ నంబరు ఇరవై ఒకటి, కమిటీ మినిట్సు, స్తంభం ఫోటో దాఖలు చేశాడు. ఆవిడ మినిట్సు మొత్తం చదివారు. ఒకచోట ఆగి నీళ్లు తాగారు. తర్వాత కమిషనర్ గారిని బోనులోకి పిలిచారు.

"ఈ ఉత్తర్వు మీద సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఏ అధికారంతో చేశారు?"

"కమిషనర్ పోస్టులో ఉన్నాను కనుక, ఆ అధికారంతో" అన్నారు శశిభూషణరావు గారు, ఛాతీ విరిచి.

జడ్జి గారు సర్క్యులర్ మళ్లీ తీసి చూసుకున్నారు. "స్తంభంలో ఉన్నారా?"

కోర్టులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బయటికి పంపుతారని భయం.

"అది... నా విషయంలో ఆ మాటకి..."

"సర్క్యులర్లో మీకు మినహాయింపు లేదండి. చూశాను. మీరున్నది స్తంభమైతే స్తంభం పెట్టిన సంతకం చెల్లదు, మీరు ఇప్పటిదాకా చేసిన సంతకాలన్నీ పోతాయి. మీరున్నది ఉద్యోగమైతే, ఈ కాగితంలో ఆయనకిచ్చింది కూడా ఉద్యోగమే. రెంట్లో ఏదో మీరే చెప్పండి. నేను రాసుకుంటాను."

ఫ్యాను తిరుగుతోంది. కమిషనర్ గారు జేబురుమాలు తీశారు, మొహం తుడుచుకున్నారు, మడతపెట్టారు.

"ఉద్యోగమేనండి" అన్నారు, చాలా నెమ్మదిగా.

వెనక బెంచీలో నూకరాజుకి వినపడలేదు. "ఏమన్నారే?" అని భార్యను అడిగాడు. రామతులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది. అప్పటికి అతనికి నలభై అయిదు నిండటానికి పదకొండు రోజులున్నాయి.

మా ఆఫీసు దీన్ని ఓటమిగా తీసుకోలేదు. కమిటీ తిరిగి సమావేశమైంది. 'పోస్టు అనగా ఉద్యోగము మాత్రమే. స్తంభమునకును పోస్టునకును ఇకమీదట ఏ విధమైన సంబంధము ఉండరాదు' అని ఇంకో సర్క్యులర్ తీశాం. వెనక స్థలంలో పాతినవాళ్లని పీకించి గోడౌన్లో పడేశాం. నూకరాజును నా పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

కూర్చోబెట్టారని ఎందుకంటున్నానంటే, రూలు అదే. రెండో శ్రేణి శాశ్వత ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణాధికారి. ఆయన స్తంభాలు ఎక్కరాదు. ఎక్కే పని ఔట్‌సోర్సింగు వాళ్లది. ఔట్‌సోర్సింగులో ఉన్న ఒకే ఒక్క మనిషి ఇప్పుడు శాశ్వత ఉద్యోగి అయిపోయాడు కదా. కొత్తవాణ్ణి తీసుకోవడానికి ఫైలు బయల్దేరింది. అది వెళ్తున్న దారిలో ఊళ్లో ఒక్కో దీపమూ ఆరిపోతూ వచ్చింది.

నూకరాజు రోజూ పదింటికి వచ్చి కుర్చీ అంచున కూర్చునేవాడు. ఫిర్యాదుల పుస్తకంలో ఆరిన దీపాల నంబర్లు రాసేవాడు. అతని పని అంతవరకే. "నడుం పట్టేత్తందండి కూర్చుంటే. మీరెలా కూర్చున్నారండి ఇరవై రెండేళ్లు?" అని ఒకసారి నిజంగానే అడిగాడు.

ఒక బుధవారం ఒకమ్మాయి ఫిర్యాదివ్వడానికి వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తుందట. పని వదిలాక చీకటి పడుతుంది. మేదర వీధిలో వరసగా అయిదు దీపాలు వెలగడంలేదు. మూతలేని కాలువలో పడి మణికట్టు విరిగింది. కట్టు ఉన్న చెయ్యి మెడకి వేలాడుతోంది, రెండో చేత్తో కాగితం ఇచ్చింది. నూకరాజు తీసుకుని నంబర్లు రాశాడు. రాసి, కట్టుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆమె వెళ్లిపోయాక కూడా గుమ్మంకేసే చూశాడు.

సాయంత్రం అయిదున్నరకి పుస్తకం మూసి, చొక్కా విప్పి కుర్చీకి తగిలించాడు. గోడౌన్లోకి వెళ్లి తన పాత నిచ్చెన తీసుకున్నాడు. ఏడింటికల్లా మేదర వీధిలో అయిదు దీపాలూ వెలిగాయి.

మర్నాడు పన్నెండింటికి మెమో సిద్ధమైంది. 'శాశ్వత ఉద్యోగియై ఉండి, తన పోస్టును విడిచి స్తంభము ఎక్కినందులకు మీపై ఏల క్రమశిక్షణా చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' టైపు చేసింది నేనే. కమిషనర్ గారు సంతకం చేస్తూ, "పోస్టు వేరు, స్తంభం వేరు. ఈ చిన్న తేడా తెలియని మనుషులతో పాలన ఎలా చేస్తామయ్యా?" అన్నారు నాతో.

కాగితం తీసుకెళ్లి నూకరాజు బల్లమీద పెట్టాను. కూడబలుక్కుంటూ చదువుకున్నాడు. మొహంలో ఏమీ మారలేదు. భయపడతాడేమో, ధైర్యం చెబుదామని పక్కనే నిలబడ్డాను.

"జవాబు మీరే రాసిపెట్టండి గవర్రాజు గారూ. మీ రాత బాగుంటది" అన్నాడు.

తెల్లకాగితం తీసుకున్నాను. "ఏమని రాయమంటావు?"

"లైటెలిగిందని రాయండి."